తిన్న మొహం

పొద్దున్నే ఇడ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టి, అది ఆవిరి పట్టేలోపు రుక్కి వసారాలోకి వచ్చి మొగుడి మొహం చూసుకుంటుంది. ఐదేళ్ళుగా అదొక అలవాటు. మొగుడు ఇంట్లో లేడు, ఊళ్ళోనూ లేడు, ఎక్కడున్నాడో చెప్పగలిగినవాళ్ళూ లేరు. ఉన్నదల్లా వసారా గోడకు మేకుతో తగిలించిన ఫొటో.

తలలో కొత్తగా తెల్లవెంట్రుక వచ్చిందా, గడ్డం గీసుకున్నాడా, కళ్ళ కింద నిద్ర ఉందా అని చూసి, "ఇయ్యాల జర సుస్తుగున్నవేంది?" అనో, "మంచిగనే ఉన్నవు తియ్" అనో ఒక మాట అనేసి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతుంది.

కేసముద్రం చుట్టుపక్కల ఫొటోలన్నీ అంతే. మనిషితో పాటే పెద్దవవుతాయి, చిక్కుతాయి, ఒళ్ళు చేస్తాయి. కొత్తగా ప్రింటు తీస్తే ముందు దిగిననాటి మొహమే వస్తుంది, ఆరుతూ ఆరుతూ ఈనాటి మొహానికి వచ్చి కుదురుకుంటుంది. చచ్చిపోయినవాళ్ళవి మాత్రం ఆ రోజుతో ఆగిపోతాయి. రుక్కి తోటికోడలు అహల్యకు కొడుకు నితిన్ హైదరాబాదు హాస్టల్లో ఉంటాడు. వాడు ఫోనులో "తిన్న అమ్మా" అంటాడు. ఆమె గోడ వైపు చూసి "అబద్ధాలాడకు బిడ్డా, తినని మొహం నీది, లేచి తిను" అంటుంది. తిన్న మొహమేదో, తినని మొహమేదో ఆ ఊరి ఆడవాళ్ళకు ఫొటోలో ఇట్టే తెలిసిపోతుంది.

రుక్కి మొగుడు సంజీవ ఇల్లు వదిలి పోవడానికి కారణం మూడు ఓట్లు. పోయిన పంచాయతీ ఎలక్షన్లలో ఎవరో ఎగదోస్తే వార్డు మెంబరుగా నిలబడ్డాడు. స్టూలు గుర్తు ఇచ్చారు. ఇల్లిల్లూ తిరిగాడు, అందరూ నీకే అన్నారు, చాయ్ కూడా పోశారు. లెక్కపెడితే మూడొచ్చాయి. ఇంట్లోనే నాలుగు ఓట్లున్నాయి: తనది, తల్లి లచ్చవ్వది, అన్న జగపతిది, రుక్కిది. జగపతి భార్య అహల్య ఓటు అప్పటికింకా పుట్టింటి ఊళ్ళోనే ఉంది. మర్నాటి నుంచి పిల్లలు "సంజీవన్నా, కూసుండనీకి స్టూలున్నదా?" అని అడగడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు మూడోట్ల సంజీవ అన్నారు. ఆ నాలుగో ఓటు ఎవరిదని అతను ఇంట్లో ఎవర్నీ అడగలేదు. అన్నం ముందు కూర్చుని రుక్కి వైపు ఒకసారి చూశాడు, అంతే. నాలుగు రోజులు తల దించుకుని తిరిగి, ఐదో రోజు పొద్దుటి బండెక్కి పోయాడు. ఫోను నంబరు కూడా మార్చేశాడు.

ఎలక్షన్ కరపత్రం కోసమని వెనక వీధి ఫరహత్ ఇంట్లో దిగిన ఫొటో ఒక్కటే మిగిలింది. మొదట్లో దాన్ని ఫ్రేము కట్టించి లోపలి గదిలో పెట్టారు. నిరుడు ఎండాకాలం ఫొటోలో సంజీవ నుదుటి మీద చెమట కనిపించింది. మర్నాడూ కనిపించింది, వారమైనా పోలేదు. లచ్చవ్వ ఊరుకోలేదు. "అద్దం బిగిచ్చి పెడితే నా కొడుక్కు గాలాడ్తదా?" అని ఫ్రేము విప్పించి, అద్దం తీయించి, ఫొటోను తెచ్చి వసారాలో వీధికి ఎదురుగా తగిలించింది. గాలి తగుల్తుంది, ఇంటి దారి కూడా మరిచిపోకుండా ఉంటాడని ఆమె లెక్క. రుక్కికీ అది సబబే అనిపించింది. మాపటేళ ఎండ సరిగ్గా ఆ గోడ మీదే పడుతుందని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఈ ఏడు వానాకాలం వచ్చేసరికి సంజీవ మొహం తెల్లబడసాగింది. ముందు పెదాల ఎరుపు పోయింది. తర్వాత చెంపల రంగు, ఆపైన కనుబొమ్మలు. వినాయక చవితి దాటేసరికి అంగీ కాలరు, దాని పైన మొహం ఉండాల్సిన చోట ఒక గుండ్రటి మరక మాత్రమే మిగిలాయి.

ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. ప్రాణం సన్నగిల్లేవాళ్ళ ఫొటో ముందు తెల్లబడుతుంది, తర్వాత ఆగిపోతుంది. స్టేషన్ దగ్గర రుక్కి ఇడ్లీ బండికి రోజూ మొదటి బేరం ముత్తయ్యది. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రెండేళ్ళ కింద మానేసి వచ్చాడు. ఎంత రుద్ది స్నానం చేసినా కళ్ళ అంచులకు బొగ్గు గీత పోక, ఆడపిల్లలు అతన్ని కాటిక తాత అని ఆటపట్టిస్తారు. ఆయన భార్య ఫొటో అట్లాగే రెండు నెలలు తెల్లబడి ఆగింది. ఇప్పుడు రుక్కి వసారా ముందు నుంచి పోతూ ఆయన గోడ వైపు చూడటం మానేశాడు. ఆ చూడకపోవడానికే రుక్కికి ఎక్కువ భయం వేసింది.

ఒకనాడు జగపతి వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నాడు. మంచి మనిషే, తమ్ముడి కోసం విజయవాడ దాకా పోయి వెతికివచ్చినవాడు.

"అవ్వా, ఇగ దాపెట్టుకునుడెందుకు? తమ్ముడు పోయిండు," అన్నాడు తల్లితో. "ఈ పెత్రమాసకు మన బాపు పేరుతోని వాని పేరు కూడ చెప్పి బియ్యం ఇద్దాం. లేకుంటే వాడు అటు గాక ఇటు గాక తిరుగుతనే ఉంటడు."

లచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. రుక్కి గుమ్మం పట్టుకుని నిలబడింది.

పెత్రమాస అంటే పితృ అమావాస్య. ఆ నాడు ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఆ పేర్లలో సంజీవ పేరు చేరితే రుక్కి కాళ్ళకు మట్టెలుండవు. అదే సాయంత్రం మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మకు ఆమెను పసుపు బొట్టు పెట్టి పిలిచేవాళ్ళుండరు. అయితే ఆమె గుండెలో గుచ్చుకున్నది అది కాదు. బతికుండగానే తన పేరు మీద బియ్యం ఇచ్చేశారని తెలిస్తే ఆ మనిషి ఇంక ఎన్నటికీ రాడు. మూడోట్లకే మొహం చూపించలేనివాడు, దీనికి తట్టుకుంటాడా?

"బావా, నాకు జర టైమియ్యి," అంది.

"పెత్రమాస దాక ఉన్నది గదమ్మా," అన్నాడు జగపతి మెల్లగా.

ఆ మధ్యాహ్నమే రుక్కి ఫొటోను పేపర్లో చుట్టుకుని ఫరహత్ ఇంటికి పోయింది. ఫరహత్ ముందు గదిలో కుట్టుమిషను, దాని పక్కన పూల గుడ్డ కప్పిన ప్రింటరు ఉంటాయి. పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు తీసి ఇంట్లోనే ప్రింటు చేసి ఇస్తుంది. రుక్కి తెచ్చిన ఫొటో చూసి ఆమె మొహం మాడ్చుకుంది.

"యా అల్లా. దీన్ని యాడ పెట్టిన్రు రుక్కక్కా?"

రుక్కి చెప్పింది. గాలాడటానికి అద్దం తీసిన సంగతి కూడా చెప్పింది. ఫరహత్ నవ్వబోయి ఆపుకుంది. లేచి బీరువా తెరిచి ఆల్బం తెచ్చింది. తన కూతురు కహ్కషాన్ ఫొటో చూపించింది. ఎలక్షన్ల నాటికి మూడేళ్ళ పిల్ల, ఇప్పుడు ఫొటోలో రెండు జడలతో, ఊడిన ముందు పన్నుతో ఇకిలిస్తోంది. రంగు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత కిటికీ అరుగు మీదున్న ఇంకో ఫొటో తెచ్చింది. అదే పిల్ల, అదే రోజు తీసిన ప్రింటు. అందులో గౌను అంచు తప్ప ఏమీ లేదు, అంతా తెలుపే.

బయట వాకిట్లో కహ్కషాన్ తాడాట ఆడుతోంది.

"చూసినవా? అది గక్కడ దుంకుతుంది, గీడ తెల్లగైంది," అంది ఫరహత్. "మనిషి పోలే అక్కా, ఇంకు పోయింది. అప్పుడు నేను పోసింది సీసాల ఇంకు, రంగునీళ్ళు. తీసినప్పుడు మస్తు మెరుస్తది. ఆల్బంల మూసిపెడితే ఉంటది. ఎండ, గాలి తగిలితే పోతది."

రుక్కికి ఆశ పుట్టింది. కానీ ఆమె తెలివైనది. "గట్లైతె నా మొగడు ఉన్నట్టేనా?"

"గది నేను చెప్పలేను. ఇంకు పోయిందని చెప్పగల్గుతా, గంతే." ఫరహత్ కంప్యూటర్ తెరిచింది. "ఫొటో నా కంప్యూటర్ల ఇంకా ఉన్నది. మళ్ళ తీద్దాం. ఆరితే ఇప్పుడెట్లున్నడో తెలుస్తది."

అప్పటికప్పుడే తీసింది. ముందు ఎలక్షన్ నాటి సంజీవ వచ్చాడు, నూనె రాసిన తల, ఓట్లన్నీ తనవే అన్న నవ్వు. ఇద్దరూ దాన్ని బల్ల మీద పెట్టి చాయ్ తాగుతూ కూర్చున్నారు. ఫొటో మారడం మొదలైంది. జుట్టు కదిలింది, చెంపలు కదిలాయి, అంతలో ఆ రంగు ఈ రంగు కలిసిపోయి మొహమంతా బీట్‌రూట్ రసం ఒలికినట్టయి కూర్చుంది. ఐదేళ్ళ దూరం ఒక్కపూటలో నడవాలి మరి, ఆ పల్చటి ఇంకు వల్ల కాలేదు.

రుక్కి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఫరహత్‌కు ఉక్రోషం వచ్చింది. వంగి మంచం కిందినుంచి ఇంకో ప్రింటరు లాగింది. మానుకోటలో ఒక స్టూడియో ఎత్తేస్తుంటే కొని తెచ్చి పెట్టుకున్నది, దుమ్ము కొట్టుకుపోయి ఉంది.

"దీనికి పొడి ఇంకు పడ్తది. రంగును సన్నగ పొడి జేసి కలుపుతరు. నీళ్ళ ఇంకు కాయితంల ఇంకిపోతది, గిది కాయితం మీద కూసుంటది. ఎండకు జల్ది కదలదు, తడికి కారదు. గోడకు పెట్టుకునేటోళ్ళకు గిదే మంచిది. కని మెరుపు తక్కువ. పెండ్లిళ్ళోళ్ళకు మెరుపు కావాలె, గందుకే నేను ముట్టలే. మెరుపు లేని కాయితం కూడ దీనికే వేరేది తేవాలె."

"మెరవకపోతె మానె. నాకు మొహం కావాలె."

"నీళ్ళ ఇంకు దాంట్ల గిది పోస్తె నడవదా అని నన్ను అడగకు," అంది ఫరహత్, రుక్కి అడగకుండానే. "ఒకసారి పోసిన. ఇంకు చిమ్మే మూతి మొత్తం పూడుకపోయింది."

ఇంకు, కాగితం వరంగల్ నుంచి రావాలి. ఇయ్యాల రేపు అంటూ పార్సిలు రాలేదు. రుక్కి ఇడ్లీ బండి దగ్గర నిలబడి వచ్చే ప్రతి రైలు వైపూ చూసింది. ఇంట్లో జగపతి గోనెసంచిలో బియ్యం తెచ్చి మూలన పెట్టాడు, పక్కన గుమ్మడికాయ పెట్టాడు. ఆ మూల వైపు పోవాల్సి వస్తే లచ్చవ్వ చుట్టూ తిరిగి పోతోంది.

పెత్రమాస ఎల్లుండి అనగా పార్సిలొచ్చింది. ఫరహత్ ప్రింటరు మూతి తుడిచి, ఇంకు పెట్టి, రెండు పనికిరాని ప్రింట్లు తీసి పడేసి, ఆపైన సంజీవవి రెండు తీసింది. ఒకటి చూసుకోవడానికి, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని. రెండూ నీడలో పరిచింది. లచ్చవ్వ కూడా వచ్చి పక్కనే చతికిలబడి విసనకర్ర తీసింది.

"అవ్వా, విసరకు. దానంతట అది ఆరాలె."

"నా కొడుకును నేను విసురుకుంట, నీకేం బాధనే?" అంది కానీ, విసనకర్ర ఒళ్ళో పెట్టుకుంది.

తెల్లారి పొయ్యి కూడా వెలిగించకుండా ముగ్గురూ మళ్ళీ కూడారు. ఫొటో కుదురుకుని ఉంది. మెరుపు లేదు, కానీ గీత గీత తెలుస్తోంది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. మీసం తీసేశాడు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ. అన్నిటికంటే వింత, రెండు కళ్ళ చుట్టూ దట్టంగా నల్లటి గీత.

"అయ్యో, నలుపు కారింది," అని ఫరహత్ తల పట్టుకుంది. దూది తడిపి ఓ మూల నల్లటి అంగీ మీద రుద్ది చూసింది. దూదికి ఏమీ అంటలేదు. ఇంకు ఎక్కడిదక్కడే ఉంది. గీత కారింది కాదు. మనిషి కళ్ళకే ఉంది.

"కాటిక పెట్టుకున్నడేంది?" అంది లచ్చవ్వ. ఆపైన అనుమానంగా, "ఎవతన్న పెట్టిందా?"

రోజూ పొద్దున్నే తన చేతి ఇడ్లీ తినే ముత్తయ్య కళ్ళు రుక్కికి గుర్తొచ్చాయి. పాత ఫొటోలో తను నిద్రలేని నలుపనుకున్నది ఇదేనని తెలిసింది. నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

"అత్తమ్మా, గది కాటిక కాదు. బొగ్గు. భూపాలపల్లిల ఉండొచ్చు, ముందుగాల ఆడ చూస్త."

నిరుడు ఫొటోలో కనిపించింది గాలాడక పట్టిన చెమట కాదు, బాయి లోపలి ఉక్కకు పట్టిన చెమట అని లచ్చవ్వకు అప్పుడర్థమైంది. ఒక ఫొటో తీసుకుని గుండెకు అదుముకోబోతే ఫరహత్ లాక్కుని ముందు అద్దంలో పెట్టి ఇచ్చింది. రెండోది రుక్కి సంచిలోకి పోయింది. జగపతి తమ్ముడి మొహాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. నమ్మాలని ఉంది, నమ్మి మళ్ళీ ఏడవడానికి భయంగా ఉంది.

"పోయి రా అమ్మా. బియ్యం రేపు పొద్దుగాల దాక ముట్ట," అన్నాడు.

రైలెక్కి వరంగల్, అక్కడినుంచి పరకాల మీదుగా బస్సు. పొద్దు వాలే వేళకు రుక్కి బొగ్గుబాయి రోడ్డులో దిగింది. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఫొటో చూపించింది. హోటలాయన గ్లాసు కడుగుతూనే, "సంజీవన్న గదా? షిఫ్టు దిగి ఇప్పుడే చాయ్ తాగి పోయిండు. గా రేకుల రూముల్ల, చివరిది," అన్నాడు. ఈ ఫొటో లేకుండా, మీసమున్న మనిషని ఆనవాలు చెప్పి అడిగి ఉంటే ఊరంతా తిరిగినా ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదని ఆమెకు అప్పుడు తోచింది.

చివరి గది తలుపు తీసే ఉంది. సంజీవ నేల మీద కూర్చుని సంచిలోంచి సామాను తీసి ఒక్కొక్కటే పేపరు మీద సర్దుతున్నాడు. బియ్యం, బీరకాయలు, చిన్న గుమ్మడికాయ, ఊదుబత్తులు. నీడ పడి తల ఎత్తాడు. చేతిలో బీరకాయ చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు... ఉన్నవా?"

"ఉండక యాడికి పోత?" అంది రుక్కి. ఐదేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి కానీ, ఆ మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

సంజీవ అంగీ జేబులోంచి చిన్న ఫొటో తీశాడు. ఎలక్షన్ల నాడు ఫరహత్ అతనితో పాటే రుక్కికీ తీసిచ్చిన పాస్‌పోర్టు ఫొటో. చెమటకు నాని, దుమ్ముకు రుద్దుకుపోయి అందులో ఎవరూ లేరు. చీర అంచు ఒక్కటి సన్నగా మిగిలింది.

"రోజూ చూసుకున్న రుక్కీ. రెండు మూడేండ్లు మంచిగనే ఉన్నవు. నిరుటి సంది తెల్లగైతనే ఉన్నవు. ఫోన్ చేద్దామనుకున్న. లేదంటరేమోనని చెయ్యలే. అడగకుంటే సగమన్న ఉంటవు గదా అనుకున్న." ఫొటోను వెలుగుకు పట్టి చూపించాడు. "ఈ నెల అంచు కూడ పోబట్టె. ఇగ రేపు పెత్రమాసకని..."

రుక్కి పేపరు మీది బియ్యం వైపు చూసింది. అది తన పేరు మీద ఇవ్వడానికి తెచ్చిన బియ్యం. కేసముద్రంలో ఒక మూల అతని బియ్యం, భూపాలపల్లిలో ఒక మూల తన బియ్యం. ఫరహత్ పోసిన ఆ ఒక్క సీసా ఇంకు ఇద్దర్నీ చెరో చోట చంపిపెట్టింది. ఆమె గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. సంజీవ ఆమె పాదాల వైపు చూశాడు. మట్టెలు ఉన్నాయి. వాటిని చేత్తో తాకి తనూ ఏడ్చాడు.

ఏడుపు తగ్గాక రుక్కి ముక్కు తుడుచుకుంది.

"ఆ నాలుగో ఓటు నాదే."

సంజీవ తల దించుకున్నాడు. "ఎర్కనే. ఓట్ల నాడు పొద్దుగాల నీతోని లొల్లి పెట్టుకుంటి గదా. నువ్వు వెయ్యలేదనుకున్న."

"ఎందుకెయ్యలే? రెండు సార్లు గుద్దిన. ఒకటి స్టూలు మీద గుద్దిన. ఒక్కటి సాల్తదో సాలదో అని నీ పేరు మీద ఇంకోటి గట్టిగ గుద్దిన. గది పోయి పక్కోని బీరువా గుర్తు మీద కూడ పడ్డది. చెల్లదని నాకేం తెల్సు? అహల్యక్క చెప్పినంక తెల్సింది. అప్పటికి నువ్వు బండెక్కినవు."

సంజీవ తల ఎత్తాడు. బొగ్గు గీతల మధ్య కళ్ళలో నీళ్ళు నిండాయి, ఆ నీళ్ళలోనే నవ్వు వచ్చింది. ఐదేళ్ళుగా మోస్తున్నది అతని మీంచి దిగిపోవడం రుక్కికి ఎదురుగానే కనిపించింది.

"పొద్దుగాల తిన్నవా?" అంది.

"లేదు."

"తెలుస్తనే ఉన్నది."

ఆమె లేచి కొంగు దోపుకుంది. పేపరు మీది బియ్యం చేటలో పోసి, రాళ్ళేరి, కడిగి, స్టవ్వు మీద ఎసరు పెట్టింది. బీరకాయలు కోసింది. తన పేరు మీద ఇవ్వాల్సిన బియ్యంతో ఆమె అన్నం వండుతుంటే అతను గుమ్మంలో కూర్చుని ఊదుబత్తుల పొట్లాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు మార్చుకుంటున్నాడు. చివరికి లేచి పోయి రోడ్డవతల పారేసి వచ్చాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

చెయ్యి కడుక్కోకముందే రుక్కి ఫోను మోగింది. లచ్చవ్వ గొంతు. ఫోనులో మాట్లాడితే అవతలి ఊరికి వినపడాలన్నట్టు అరుస్తుందామె.

"రుక్కీ! వాడు దొరికిండా?"

"దొరికిండు అత్తమ్మా. నీకెట్ల..."

"ఎట్లేంది? ఇప్పుడే అద్దంల ఫొటో చూసిన. వానిది తిన్న మొహమే! చేతి వంట తిన్న మొహం!" అని, అటు తిరిగి, ఆనందం పట్టలేక పెద్ద కొడుకు మీద కేకేసింది. "జగపతీ! తమ్ముని పేరు మీది బియ్యం డబ్బాల పొయ్యి. రేపు ఇంట్ల ఇద్దరు ఎక్కువున్నరు."